మాల నెలలో అమ్మ చిగుళ్ళు

మా ఇంట్లో చిగుళ్ళ నుంచి రక్తం రావడానికి ఒక కాలం ఉండేది, ముంజలకీ మామిడిపళ్ళకీ ఉన్నట్టే. కార్తీకంలో నాన్న అయ్యప్ప మాల వేసుకున్న కొన్నాళ్ళకి అమ్మ చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది. మాల తీసేశాక ఆగిపోయేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఏడూ ఇంతే కనుక దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. తెల్లవారుజాము చన్నీళ్ళు, ఒంటిపూట భోజనం తన భార్య ఒంటికి పడవని నాన్న అనుకునేవాడు. మడిలో ఏదో తేడా చేస్తున్నానని అమ్మ అనుకునేది.

చోడవరం నుంచి రావికమతం వెళ్ళే దారిలో రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళ్తే మా ఊరు. కొంత వరి, ఎక్కువ చెరకు. నేను పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. గొట్టాల్లో ఒత్తిడిని, ట్యాంకుల్లో వేడిని చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పని. వారానికో సెలవు. బస్సులో చోడవరం, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఇల్లు.

అమ్మ చుట్ట కాల్చేది. మా వైపు ఆడవాళ్ళు కాల్చే పద్ధతిలో, అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లో ఉంటుంది. ఊడుపుల్లో వాన పడుతున్నా నిప్పు ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అమ్మకి వాళ్ళమ్మ నుంచి వచ్చిన అలవాటు. చుట్ట నుసితోనే పళ్ళు కూడా తోముకునేది. ఏడాదంతా నడిచే ఈ చుట్ట మాల నెలలో మాత్రం ఇంట్లోకి రాదు. సామి ఉన్న ఇంట్లో పొగాకు ఉండకూడదు. చుట్టల కట్టని గుడ్డలో చుట్టి పశువుల పాక చూరులో దోపేసేది.

అమ్మ పళ్ళ గురించి ఇంకొక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో చెరకు ఎప్పుడు కొట్టాలో చాలామంది అమ్మని అడిగేవారు. ఆవిడ చేలోకి వెళ్ళి ఒక గడ విరిచి, ముందరి పళ్ళతో తొక్కని పొడుగాటి పట్టీలా లాగి, మొదలు ఒక ముక్క, నడుమ ఒక ముక్క, తల దగ్గర ఒక ముక్క నమిలేది. తల తీపి మొదలు తీపికి దగ్గరగా వస్తే చెరకు పండినట్టు. పిప్పి ఉమ్మేసి తేదీ చెప్పేది. చక్కెర ఫ్యాక్టరీకి తోలే వాళ్ళకి ఇది అంత అవసరం కాదు, వాళ్ళ వంతు వచ్చినప్పుడు కొడతారు. బెల్లం వండుకునే వాళ్ళకి మాత్రం పచ్చి చెరకు కొడితే పాకం గట్టిపడదు. అందుకని మా చేను, పక్క చేలు అన్నిటి తేదీలూ అమ్మ నోటి మీద నడిచేవి. పొలంలో నాన్న మాట తీసేసేవాళ్ళు ఉన్నారుగానీ అమ్మ నమిలి చెప్పిన తేదీని తీసేసినవాళ్ళని నేను చూడలేదు.

కిందటేడు మాల నెలలో ఒక సెలవు రోజున నేను కూడా చేలోకి వెళ్ళాను. అమ్మ గడ విరిచి కింది పళ్ళతో తొక్క పట్టి లాగింది. సగంలో ఆగిపోయింది. నాలుకతో లోపల ఏదో సర్దుకుంటున్నట్టు కాసేపు నోరు మూసుకుని నిలబడింది. మెల్లగా నమిలి, పిప్పి అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. తెల్లని పిప్పి మీద ఎర్రగా చార. రక్తం మాకు కొత్త కాదు. ఆ తర్వాత జరిగిందే కొత్త. గడ నా చేతికిచ్చి, "నువ్వు సూడరా, తల కాడ తీపెక్కిందేమో," అంది.

నాకు తీపిలో తేడా తెలియదని ఆవిడకి తెలుసు. అయినా ఇచ్చిందంటే ఇక తన వల్ల కాదనుకుందన్న మాట.

ఇంటికొచ్చాక అడిగితే కింద ముందరి పళ్ళు రెండు కదులుతున్నాయని చెప్పింది. మాల తీసేశాక చుట్ట పడితే చిగురు మళ్ళీ బిగుస్తుందని ఆవిడ నమ్మకం. బిగుసుకోకపోతే చోడవరంలో అన్నీ పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకుంటుందట. మా నాయనమ్మ ఆ పనే చేసింది. కట్టుడు పళ్ళతో ఆవిడ చెరకు ముక్క నమలడం నేనెప్పుడూ చూడలేదు.

నా బుర్ర దేనినైనా వరసల్లో పెట్టుకుంటుంది. ఆటోలో తిరిగి వెళ్తూ, మాల నెలలో మా ఇంట్లో మారేవేమిటో వరసగా రాసుకున్నట్టు తలుచుకున్నాను. స్నానం వేళ, తిండి, నిద్ర, చుట్ట. మొదటి మూడూ నాన్నకీ మారతాయి, నిజానికి ఆయనకే ఎక్కువ. ఆయన చిగుళ్ళకి ఏమీ కాదు. మిగిలింది చుట్ట. అంతవరకు అమ్మ లెక్క కూడా అదే, చుట్ట మానితే రక్తం, పడితే రక్తం లేదు. అయితే చుట్ట మందులా పనిచేస్తోందని ఆవిడ అర్థం చేసుకుంది. నేను వేరేలా అర్థం చేసుకున్నాను.

మా ప్లాంటులో ప్రమాదపు గంట మోగితే ముందు చేసే పని గంటని ఆపడం, ఎందుకంటే ఆ మోతలో ఆలోచించలేం. గంట ఆగినా గొట్టంలో ఒత్తిడి తగ్గలేదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. అమ్మ నోట్లో రక్తం ఆ గంట. చుట్ట దాన్ని ఆపుతోంది. లోపల ఏదో ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంది, మాల పుణ్యమా అని ఒక నెల వినబడుతోంది.

ఇది నా ఊహ మాత్రమే. దంతాల డాక్టరు చూస్తేగానీ తేలదు. అదీ మాల తీయకముందే చూడాలి. చుట్ట మళ్ళీ మొదలైతే రక్తం ఆగిపోతుంది, రక్తం ఆగితే అమ్మ చోడవరం రాదు, మళ్ళీ కార్తీకం వచ్చేసరికి ఆ రెండు పళ్ళూ ఉండవు.

తర్వాతి సెలవుకి వెళ్ళి అడిగితే రానంది. పక్కింటావిడ ఏడాది కిందట పళ్ళ గార తీయించుకుందట, తీసిన మర్నాటి నుంచే పళ్ళు వదులైపోయాయట. గారే పళ్ళని పట్టుకుని ఉంటుందని వీధి అంతటికీ తెలుసు. "ఉన్న గోడ కూల్సుకుని కొత్తది కట్టమంటావేటి," అంది. నేను చెప్పినవన్నీ విని, పళ్ళెంలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

అప్పుడు నాన్నని పట్టుకున్నాను. మాలలో ఉన్నన్నాళ్ళు అమ్మ ఆయన్ని సామీ అనే పిలుస్తుంది, ఆయన ఆవిడని అమ్మా అంటాడు, ఆయన మాట ఆవిడ తీసేయదు. మిగతా ఏడాది ఆ సౌకర్యం ఆయనకి లేదు. విభూతి పెట్టుకుంటూ నాన్న నన్ను చూపించి ఒక్క ముక్క అన్నాడు.

"అమ్మా, సామి సెప్తన్నాడు. గుంటడితో ఎల్లిరా."

అమ్మ పళ్ళెం దింపింది. "మాల తీసీనాక సెప్తాను నీ పని," అని గొణిగి చీర మార్చుకోవడానికి లోపలికెళ్ళింది.

చోడవరంలో దంతాల డాక్టరు నాకంటే కొంచెం పెద్ద వయసు అమ్మాయి. ముందు నోరు పెద్దగా తెరిపించి అంగిలి చాలాసేపు చూసింది. అడ్డపొగ ఎన్నేళ్ళ నుంచి అని అడిగింది. అంగిలి తెల్లగా మొద్దుబారి మధ్యలో ఎర్రని చుక్కలున్నాయట. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చిన్న ముక్క పరీక్షకి పంపింది. వారం తర్వాత భయం లేదని వచ్చింది, కానీ చుట్ట ఆగాలని, అంగిలిని కొన్ని నెలలకోసారి చూపిస్తూ ఉండాలని గట్టిగా చెప్పింది.

తర్వాత చిగుళ్ళు. గీతలు గీసిన సన్నని ఇనప పుల్ల ఒకటి తీసి, పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించి, ఎన్ని గీతలు లోపలికి వెళ్ళాయో పక్కనున్న నర్సుకి చెబుతూ పోయింది. నా పనిలాంటి పని కనుక నేను దగ్గరికి జరిగి చూశాను. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర ఆ పుల్ల రెండు, మూడు మిల్లీమీటర్లకి మించి దిగదట. అమ్మకి వెనక పళ్ళ దగ్గర ఐదు, ముందరి కింది పళ్ళ దగ్గర ఆరు, ఒకచోట ఏడు. పుల్ల తీసినచోటల్లా రక్తం ఊరింది. ఎక్స్‌రేలో ఆ రెండు పళ్ళ చుట్టూ ఎముక సగానికి తగ్గిపోయి ఉంది.

డాక్టరు చెప్పింది నాకు గుర్తున్నంతలో ఇది. తిన్నాక పళ్ళ మీద మెత్తని పాచి పడుతుంది, అందులో సూక్ష్మజీవులుంటాయి. రోజూ సరిగ్గా తీసేస్తే సరే. తీయకపోతే లాలాజలంలోని సున్నంతో గట్టిపడి గార అవుతుంది. అది బ్రష్‌కి రాదు. గరుకైన గార మీద కొత్త పాచి ఇంకా సులువుగా అంటుకుని చిగురు కిందికి పాకుతుంది. చిగురు వాస్తుంది, తాకితే రక్తం వస్తుంది. ఇంతవరకు వచ్చినా వెనక్కి మళ్ళించవచ్చు. అక్కడ పట్టించుకోకపోతే చిగురు పంటిని వదిలేసి సంచిలా లోతవుతుంది, ఒళ్ళు ఆ సూక్ష్మజీవులతో చేసే పోట్లాటలో పంటిని పట్టుకున్న ఎముకే కరిగిపోతుంది. నొప్పి ఉండదు. అందుకే ఏళ్ళు గడిచిపోతాయి. పొగాకు, సుగరు దాన్ని తొందర పెడతాయి, కొందరికి ఇంటి వరస కూడా ఉంటుంది.

అమ్మ అంతా విని తన ప్రశ్న అడిగింది. "మరి సుట్ట కాల్సినన్నాళ్ళు రక్తం రాదు కదమ్మా. నా కళ్ళతో సూసేను."

"పొగ వల్ల చిగుళ్ళలోకి రక్తం సరిగ్గా రాదమ్మా. చిగురు పైకి గట్టిగా, బాగున్నట్టే కనిపిస్తుంది. మీరు మానేసిన నెలలో దానికి రక్తం మళ్ళీ అందుతుంది, అప్పుడు లోపలి జబ్బు బయటికి తెలుస్తుంది. ఆగిపోయేది రక్తం ఒక్కటే, జబ్బు ఆగట్లేదు."

నా ప్రమాదపు గంట సంగతి అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నాను, దాని మీద అమ్మకి పెద్ద నమ్మకం కలగలేదు. చివరికి తనే ఒక దారి వెతుక్కుంది.

"ఎర్రకుళ్ళులాగన్న మాట," అంది.

డాక్టరుకి అర్థం కాలేదు. నేను చెప్పాను. చెరకుకి ఎర్రకుళ్ళు తెగులు పడితే గడ బయటికి పచ్చగానే ఉంటుంది. నిలువుగా చీలిస్తే లోపల ఎర్రగా, పులిసిన వాసనతో కనిపిస్తుంది. ఆకు ఎండి పైకి తెలిసేసరికి లోపల అయిపోయి ఉంటుంది.

"వాసన కూడా అదే," అంది అమ్మ. "నాకు తెలస్తానే ఉంది. సుట్ట వాసనలే అనుకున్నాను."

అప్పటికి గార తీయడానికి సగం ఒప్పుకుంది. మిగతా సగానికి నన్ను ముందు కూర్చోమంది. పక్కింటావిడ మాట నిజమో కాదో నా పళ్ళ మీద చూసుకోవాలట. కూర్చున్నాను. నా నోటి మీద నాకు బొత్తిగా అనుమానం లేదు. పొద్దున్నే టూత్‌పేస్టుతో గట్టిగా తోముకునేవాణ్ణి. డాక్టరు అదే పుల్ల నా కింది పళ్ళ వెనక పెట్టింది, రక్తం వచ్చింది. లోతు మూడే, కానీ వాపు ఉంది. నైట్ షిఫ్టుల్లో తిని, తోముకోకుండా పడుకోవడం ఒక కారణం. పైపైన గట్టిగా రుద్ది చిగురు అంచుని వదిలేయడం రెండోది.

పక్క స్టూలు మీద అమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "డిప్లొమా నోరు కూడా ఇంతేనేటి. నేనింకా నా ఒక్కదానిదే అనుకున్నాను."

డాక్టరు మా ఇద్దరికీ తేడా చెప్పింది. నాది మొదటి మెట్టు, శుభ్రం చేసి అలవాటు మార్చుకుంటే పూర్తిగా మామూలవుతుంది. అమ్మకి పోయిన ఎముక మళ్ళీ రాదు. ఉన్నది పోకుండా నిలబెట్టవచ్చు, ఆ రెండు పళ్ళనీ పీకకుండా ప్రయత్నం చేయవచ్చు. అయితే చుట్ట మళ్ళీ మొదలైతే తను చేసిన పనంతా వృథా అని కూడా చెప్పింది. రక్తపరీక్షలో సుగరు కొంచెం ఎక్కువగానే తేలి, దానికి వేరే డాక్టరు మాత్ర రాశారు. చెరకు నమిలేదాన్ని కదా, సుగరు నాకు కాక ఎవరికొస్తుందని అమ్మ తనే వెక్కిరించుకుంది.

కొన్ని విడతల్లో మత్తిచ్చి చిగుళ్ళ కింద వరకు శుభ్రం చేశారు. చివరగా కదిలే రెండు పళ్ళని వాటి పక్క పళ్ళతో కలిపి లోపలి వైపు సన్నని తీగ పెట్టి అతికించారు. అద్దంలో చూసుకుని అమ్మకి ఒక్క క్షణంలో అర్థమైంది. గాలికి చెరకు పడిపోకుండా నాలుగు దుబ్బుల్ని కలిపి ఆకుతో జడలా చుట్టి కడతాం. "పళ్ళకి జడేసేరు," అని ఇంటికొచ్చి నాన్నకి చూపించింది. ఆ పళ్ళతో తొక్క లాగకూడదని డాక్టరు మరీమరీ చెప్పిన సంగతి మాత్రం నేను చెప్పేదాకా చెప్పలేదు.

మొదటి రోజులు బాగా లేవు. గార పోయినచోట సందులు కనిపించాయి, చన్నీళ్ళు తగిలితే జివ్వుమనేది. వదులైపోయాయా లేదా అని పక్కింటావిడ రోజూ వచ్చి అడిగేది. వాపు తగ్గితే చిగురు దిగి సందు కనబడుతుందని, అక్కడ ఇన్నాళ్ళు ఉన్నది పన్ను కాదు గార అని నేను ఫోన్లో చెప్పేవాణ్ణి. మెత్తని బ్రష్‌ని చిగురు అంచు మీద వాలుగా పెట్టి, చిన్నగా కదుపుతూ రెండు పూటలా తోమడం నేర్పాను. పళ్ళ మధ్యకి వెళ్ళే బుల్లి బ్రష్ మా ప్లాంటులో సన్నగొట్టాలు కడిగే బ్రష్‌లాగే ఉంటుంది. అది వాడటంలో అమ్మకి నాకంటే త్వరగా చేయి తిరిగింది.

నాన్న కొండకి వెళ్ళొచ్చి మాల తీసిన రోజున నేను ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం అమ్మ పశువుల పాకలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేను వెళ్ళి చూడొచ్చు, కానీ వెళ్ళలేదు. నోరు ఆవిడది. చెప్పాల్సిందంతా ఆవిడ చెవిన పడింది, అర్థం కూడా చేసుకుంది. ఆవిడ తిరిగొచ్చి, గుడ్డలో చుట్టిన కట్టని నాన్న ముందు పెట్టి, "సామీ, ఇది నీకాడుంచు," అంది. మాల తీసేశాను, నేనిప్పుడు సామిని కాదన్నాడు నాన్న. "నాకు సెరుకు అయ్యీదాకా సామివే," అంది అమ్మ.

ఆ మాట ఆయనకి చాలా నచ్చింది. చెరకు కొట్టడం అయ్యేదాకా ఆయన్ని అలాగే పిలిచింది, ఆయనా మధ్యాహ్నం నిద్ర లేచి ఆ హోదాలోనే కాఫీ అడిగేవాడు. మధ్యలో చీడికాడలో చుట్టాల పెళ్ళికెళ్ళినప్పుడు ఒక చుట్ట కాల్చానని అమ్మ తనే ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు బ్రష్ చేసిందా అని అడిగాను, చేశానంది. ఆ తర్వాత కొన్ని వారాలకి రక్తం తగ్గింది, తర్వాత ఆగింది. చుట్ట లేకుండా రక్తం ఆగడం ఆవిడ పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఇదే మొదలు. పక్కింటావిడకి నా వివరణలేవీ ఎక్కలేదుగానీ ఇది ఎక్కింది. వేసవిలో అమ్మతో కలిసి తనూ చోడవరం వెళ్ళింది.

మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు, వెళ్తున్నాం. పుల్ల ఇప్పుడు వెనక పళ్ళ దగ్గర మూడు, నాలుగు దిగుతోంది. ముందర ఏడున్నచోట ఐదు. అది ఐదుగానే ఉండిపోవచ్చని డాక్టరు చెప్పింది, ఉండిపోయినా పర్వాలేదని కూడా. అంగిలి తెలుపు తగ్గుతోంది. నా వాపు మొదటి నెలలోనే పోయింది.

ఈ ఏడు నాన్న మళ్ళీ మాల వేసుకున్నాడు. మొన్నటి సెలవుకి వెళ్ళేసరికి పక్క చేను రైతు మా వాకిట్లో ఉన్నాడు, తన చెరకు చూడమని. ముగ్గురం కలిసి వెళ్ళాం. అమ్మ గడ విరిచి, కొంగులోంచి చాకు తీసి తొక్క చెక్కడం మొదలుపెట్టింది.

"ఏటక్కా, టౌనోళ్ళలాగ సాకుతోనేటి," అన్నాడతను.

"నా పళ్ళకి జడుంది. నీ సేనుకుందా?" అంది అమ్మ.

అతని చెరకు నిజంగానే సగం వాలి ఉంది. అమ్మ మొదలు ముక్క వెనక పళ్ళతో నమిలింది, నడుమ ముక్క నమిలింది, తల దగ్గర ముక్కని మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. పిప్పి అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. ఆ చేయి అలాగే నా వైపు చాపింది. పిప్పి తెల్లగా ఉంది.

దాన్ని గట్టు మీదికి విసిరేసి, అతని వైపు తిరిగి, "ఇంకా రెండు వారాలాగి కొట్టు," అంది.